ఆయన వచ్చేదాకా కాడి విప్పలేదు

ఆటల మీదా రాజకీయాల మీదా నా అభిప్రాయం ఎవరూ అడగరు. అయినా చెబుతాను. ఎనభై దాటినవాడి నోరు ఎవరు మూయించగలరు! ఆటగాడైనా నాయకుడైనా నేను చూసేది ఒక్కటే, చెప్పిన పొద్దుకు వచ్చాడా లేదా అని. ఎన్ని పరుగులు తీశాడు, ఎన్ని ఓట్లు తెచ్చుకున్నాడు అన్నది నాకు అనవసరం. చెడుగుడు ఆడేవాడు కూత ఆగిపోతే బయటికి పోవాలి, అది రూలు. ఉపన్యాసం చెప్పేవాడికి అలాంటి రూలు ఎవడూ పెట్టలేదు. అదీ నా కోపం. కోపం అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఇప్పుడు కోపం కూడా లేదు. అది ఉండాల్సిన చోటు మొద్దుబారిపోయి చాలా కాలమైంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయని, ఏ వీధిలో చూసినా మంత్రులే కనిపిస్తారని చెప్పుకునేవాళ్ళు. మా ఊరు నందికొట్కూరుకు దగ్గర. రోడ్డు మీద దుమ్ము లేస్తే చాలు, జనం పనులు వదిలి చూడ్డానికి పోయేవాళ్ళు. మాది ఊరికి పక్కగా, దొరలు కట్టించిన చర్చి చుట్టూ ఉండే పేట. నాకు నాలుగెకరాల మెట్ట, రెండు ఎద్దులు ఉండేవి. ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగు మైలది. మైలదాన్ని నా భార్య పెంచింది. అది పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే, గంజిలో వేలు ముంచి నాకించి నాకించి బతికించింది. అది పెద్ద ఎద్దయ్యాక కూడా ఆమె గొంతు వినిపిస్తే మేత వదిలి తల ఎత్తేది. నేను పిలిస్తే వినిపించనట్టు ఉండేది, దొంగది.

మా ఊళ్ళో ఉగాదికి బండలాగుడు పందెం జరిగేది. ఆ బండను బేతంచెర్ల నుంచి లారీలో తెప్పించారు. దానికి మోకు కట్టి, ఎద్దులను పూన్చి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగిస్తే అంత గెలుపు. మా పేట వాళ్ళు పందెం జరిగే చేను చదును చేసేవాళ్ళు, రాళ్ళు ఏరేవాళ్ళు, పందెం రోజున గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు. మా ఎద్దులు మాత్రం ఎప్పుడూ బండ లాగలేదు. ఎవరూ వద్దనలేదు. అడిగినవాడే లేడు. అడిగితే ఏమంటారో అందరికీ తెలుసు గదా.

నేను అడిగాను. ఊరి పెద్దల దగ్గర కాదు, మా వైపు నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన నాయకుడి దగ్గర. ఎలక్షన్లలో ఆయన కోసం నేను పేటలో ఇల్లిల్లూ తిరిగాను. అప్పట్లో పోటీకి నిలబడిన ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓట్ల పెట్టె ఉండేది. ఆయన పెట్టె ఏదో ముసలమ్మలకు పదిసార్లు చెప్పి చూపించాను. ఆయన గెలిచి మా ఊరికి వచ్చినప్పుడు, జనం మధ్యలో నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ధైర్యంతోనే నోరు తెరిచాను.

"సామీ, మా ఎద్దులు గూడా పందానికి కడతా."

ఆయన గట్టిగా నవ్వి పెద్దల వైపు తిరిగాడు. "రాసుకోండప్పా ఈయప్ప పేరు. లాగే శక్తి ఎద్దుకుంటాది గాని పేటకా ఉండేది? పందెం రోజు నేనే వస్తా. నా కండ్లతో చూస్తా."

పెద్దలు రాసుకున్నారు. వాళ్ళ ముఖాలు నేను చూడలేదు. ఆ పూట మా పేటలో నా నడకే మారిపోయిందని నా భార్య ఎగతాళి చేసింది. "ఏమప్పా, భుజం దించుతావా, ఆయన చెయ్యి ఇంగా ఆడనే ఉండాదా?" అంది. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు నెలలు ఆ ఎద్దులను మేపాం. మేం జొన్న సంగటి తగ్గించుకుని వాటికి ఉలవలు ఉడకబెట్టి పెట్టాం. పందెంలో గెలిచినా ఓడినా నాకు పెద్ద తేడా లేదు. మా ఎద్దులు ఆ బండకు కట్టి ఉండగా ఊరంతా చూడాలి, అంతే నా కోరిక.

చీటీలు వేస్తే మొదటి వంతు మాకే వచ్చింది. మొదటి జతకు మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ముఖ్య అతిథి వచ్చి టెంకాయ కొట్టేసరికి ఆ ఎద్దులు బండకు కట్టి సిద్ధంగా ఉండాలి. కాడి విప్పితే వంతు పోయినట్టే. ఇంకో పద్ధతీ ఉంది. పందెం రోజు తెల్లవారినప్పటి నుంచి ఎద్దులకు నీళ్ళు పెట్టరు. కడుపు నిండితే లాగలేవని. రెండూ పాత పద్ధతులే. పందెం పొద్దున్నే అయిపోయేది కాబట్టి ఎవరికీ ఏ కష్టమూ రాలేదు.

ఆయన ఎనిమిది గంటలకు వస్తానని కబురు పెట్టాడు. మేం ఏడున్నరకే ఎద్దులను కట్టాం. తొమ్మిదయింది. పదయింది. ఎవరో సైకిల్ మీద వచ్చి, "నందికొట్కూరులో ఉండారు, టిఫిన్ చేస్తాండారు, వచ్చేస్తారు" అన్నారు. పదకొండుకు ఇంకొకడు వచ్చి అదే మాట చెప్పాడు. పన్నెండుకు, ఎవరింట్లోనో భోజనానికి పట్టుబట్టి కూర్చోబెట్టారని తెలిసింది. మిగతా జతల వాళ్ళు తమ ఎద్దులను చింతచెట్ల నీడకు తోలుకుపోయారు, నీళ్ళూ చూపించారు. వాళ్ళ వంతు ఇంకా రాలేదు గదా, వాళ్ళకేం! చేను నడుమ ఎండలో ఉన్నవి మా రెండే.

నా భార్య గట్టు దిగి బిందెతో వచ్చింది. ఆడవాళ్ళు ఆ చేలోకి దిగరు. ఆమె దిగింది.

"నీళ్ళు తాపుదాం. మైలదాని నోరు చూడు ఎట్ల ఎండిపోయిందో."

"నీళ్ళు తాపితే యాడ లాగుతుంది? ఇంగొంచేపు చూద్దాం."

"అయితే కాడన్నా ఇప్పు. నీడకు తోలుకపోదాం."

"ఇప్పితే వంతు పోతాది."

"పోతే పోనీలే. పందెమేమన్నా కూడు పెడతాదా?"

"నీకు తెలీదు. ఆయన మాట మీదనే గదా మనల్ని రానిచ్చిరి. ఆయన వచ్చే పొద్దుకు మనమే లేకుంటే బాగుంటాదా? పేటోల్లను నమ్మకూడదంటారు."

ఆమె బిందె పక్కన పెట్టి, కొంగు తడిపి మైలదాని ముక్కు తుడవబోయింది. నేను గట్టిగా కసిరాను. అందరూ చూస్తున్నారని నా బాధ. ఆమె బిందె ఎత్తుకుని గట్టు మీదికి పోయింది. ఆ కసురు నాకు బాగా గుర్తుంది. అక్కడి నుంచి జీపు వచ్చేదాకా ఏం జరిగిందో గుర్తులేదు.

జీపు రెండు గంటలు దాటాక వచ్చింది. దండలు, జేజేలు. ఆయన ముందు టెంకాయ కొట్టలేదు, ముందు మైకు అందుకున్నాడు. ఎద్దు రైతుకు తోడబుట్టినదన్నాడు. ఆటల్లో గెలుపోటములు సమానంగా తీసుకోవాలన్నాడు. ఈ పందెంలో తొలిసారి పేట ఎద్దులు కూడా నిలబడ్డాయి, ఇదీ మన కొత్త రాష్ట్రం అన్నాడు. అది మా గురించే. ఆ మాట అనేటప్పుడు మా వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి అలా ఉండగానే మైలది ముందు మోకాళ్ళ మీద కూలింది. తర్వాత పక్కకు ఒరిగింది. కాడి దానితో పాటు వంగి, తెల్లదాని మెడ కూడా కిందికి గుంజింది.

నేను అరిచానేమో తెలియదు. "ఉష్! మాట్లాడతాండారు గదప్పా, రవ్వంతసేపు గమ్మునుండు" అని ఎవరో వెనక నుంచి నా మొల పట్టుకుని ఆపారు. నేను గమ్మున ఉన్నాను. ఇది నేను ఎవరి మీదా నెట్టలేను. ఆయన వేదిక మీద ఉన్నాడు, మధ్యలో అంత జనం, ఆయనకు కనిపించిందో లేదో నాకు తెలియదు. నాకైతే కనిపించింది. అది నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. ఉపన్యాసం అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టావని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. చేతులు వాటంతట అవే లేచాయి.

అప్పుడు కాడి విప్పారు. నా భార్య బిందెడు నీళ్ళూ దాని నోట్లో పోసింది. అన్నీ పక్క నుంచి కారిపోయాయి. రెండో వంతు జతను కట్టాలి కాబట్టి నలుగురు కలిసి మైలదాన్ని పక్కకు ఈడ్చారు. పందెం బ్రహ్మాండంగా జరిగిందని తర్వాత విన్నాను. పొద్దు గుంకకముందే అది చచ్చిపోయింది. చేని గట్టున పూడ్చాం. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఇంటికి వచ్చి పొద్దుటి సంగటి తిని పడుకున్నాం. ఆ ఏడు అరువుకు తెచ్చిన ఎద్దుతో ఆలస్యంగా విత్తాం. పంట అంతంత మాత్రమే. ఆ పందెం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ ఎలక్షన్లు వచ్చాయి. ఆయన మా పేటకు నడిచి వచ్చాడు, వెంట పదిమంది. ఆయనకు జ్ఞాపకశక్తి జాస్తి అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరి బావిలో నీళ్ళు పడ్డాయి, అన్నీ గుర్తుపెట్టుకుని అడిగేవాడు. మా గుమ్మం ముందు ఆగి, మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా, పందానికి కట్టినావు గదా, నీ ఎద్దులు ఎట్లుండాయి?"

నిజంగానే ప్రేమగా అడిగాడు. అందులో నటన లేదు. నా వెనక కొట్టంలో తెల్లది ఒక్కటే కట్టి ఉంది. ఆయన కొంచెం తల తిప్పితే కనిపించేది.

"బాగుండాయి సామీ" అన్నాను.

"శానా సంతోషం" అని ఆయన పక్కింటికి పోయాడు.

నా భార్య గడప లోపల నిలబడి అంతా విన్నది. నా వైపు చూసి, "బాగుండాయా?" అంది. అంతే. పొయ్యి దగ్గరికి పోయింది.

ఓటు రోజు ఇద్దరం కలిసే పోయాం. ఆమె ఎవరికి వేసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఊరి పెద్దల మధ్య నా పేరు రాయించినవాడు ఆయనొక్కడే. నేను ఆయన పెట్టెలోనే వేశాను.