అక్కకు పెరుగు బంద్... గడ్డివాము మాత్రం రోజూ

చిన్నప్పుడు మా ఇంట్లో కోడి కూత కంటే ముందు మా మమతక్క తుమ్మేది... ఒకటి మొదలైతే ఇక ఆగేవి కావు. ముక్కు కారడం, తలనొప్పి, కళ్ల కింద వాపు.

మాది హాలియా దగ్గర కాల్వ కింద ఊరు. తెలంగాణ వచ్చిన కొత్త. నేను ఐదో తరగతి, అక్క తొమ్మిది.

సర్దికి మా అవ్వది, అంటే నాయనమ్మది, ఒకటే చట్టం... చల్లటివి బంద్. పెరుగు బంద్, జామపండు బంద్, సీతాఫలమైతే కంటికి కూడా కనపడనిచ్చేది కాదు. మేమంతా పెరుగన్నం కలుపుకుంటుంటే అక్క చారుతో ముగించి లేచేది. దాని వంతు మీగడ నా కంచంలో పడేది. వద్దని ఒక్కనాడూ అనలేదు నేను... ఎందుకంటాను?

సర్ది తగ్గకపోతే తిట్లు కూడా అక్కకే. "దొంగతనంగ ఏదో తింటాంది ఇది. లేకపోతే ఎందుకు తగ్గది?" అనేది అవ్వ. అక్క ఏడ్చేది. నేను నవ్వేదాన్ని.

పొద్దున్నే బర్రెలకు గడ్డి తీసే పని అమ్మ అక్కకే చెప్పేది. వానలకు కప్పిన పరదా కింద చెమ్మ చేరి, వాము లోపల నల్లగా బూజు పట్టేది. అక్క లోపలికి చేతులు పెట్టి పీకుతుంటే పొగలాగా దుమ్ము లేచేది. నేను దగ్గరికి పోతే, "నువ్వు రాకే, దురద పెడ్తది" అని తరిమేది.

ఇంటర్‌కి వచ్చేసరికి అక్కకు వాసనలు తెలియకుండా పోయాయి. పక్కనే అన్నం మాడినా తెలిసేది కాదు. అప్పుడు గానీ నాయిన నల్లగొండ దవాఖానకు తీసుకుపోలేదు. ఇంటిల్లిపాదీ వెళ్లాం. డాక్టరు పరీక్షలన్నీ చేసి, బూజు ఒంటికి పడక ఏళ్ల తరబడి ముక్కు లోపల వాచిపోయిందన్నాడు.

"పెరుగు చుక్క ముట్టనియ్యలే సారూ" అంది అవ్వ గొప్పగా.

"పెరుగుతోని కాదమ్మా. బూజున్న జాగాల తిరుగుతదా పిల్ల?" అని అడిగాడాయన.

గడ్డి సంగతి అక్కే చెప్పింది, మెల్లగా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ అక్క చెయ్యి వదల్లేదు. "తినొద్దన్న దాంట్ల ఏం లేకపాయె బిడ్డా... నేను చెయ్యమన్న పన్లనే ఉండె" అని ఏడ్చింది.

ఆపరేషన్ అయింది. మందులు వాడింది. ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోంది... వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఊళ్లో ఇప్పుడు గడ్డిని మిషన్లే చుట్టలు చుట్టేస్తున్నాయి. మాకు బర్రెలూ లేవు, పాలు ప్యాకెట్టే. వాము ఉన్న జాగాలో బండి పెడుతున్నాం.

మొన్న అక్కకు బిడ్డ పుట్టింది. పసిదాని తల దగ్గర ముక్కు పెట్టి నేను మురిసిపోతుంటే, అక్క నా మొహంలోకి చూసి అడిగింది.

"ఎట్లుంటదే?"

పాల వాసన అన్నాను. మళ్లీ అడుగుతుందేమోనని పాపను దాని చేతుల్లో పెట్టి బయటికొచ్చేశాను.

మీ ఇళ్లల్లో కూడా అన్నీ మాన్పించి, అసలుదాన్ని చూడకుండా పెంచిన పిల్లలు ఉంటే కింద రాయండి. మా ఒక్క ఇంట్లోనే కాదని తెలిస్తే నాకు కాస్త నిద్ర పడుతుంది... పట్టకపోయినా న్యాయమే.