టీచరమ్మ పెరట్లో నా వ్యవసాయం

ప్రేమ ఎక్కువై తోటను చంపినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, నేనున్నాను. అదీ నాంపల్లిలో, రెండు మంచాలు పట్టే పెరట్లో, నన్ను నమ్ముకున్న ఒక పెద్దావిడ కళ్లెదుటే.

తొంభైలనాటి సంగతి. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, సరోజినీ టీచరమ్మ ఇంటి వెనక గదిలో కిరాయికి దిగాను. ఆవిడది మెదక్ వైపు. రిటైరై ఒక్కతే ఉండేది. ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చిలో పెట్టే చామంతులు తన పెరటివేనని అందరికీ మాటిచ్చేసింది. పెరట్లో చూస్తే గడ్డిపోచ లేదు. నేను ఊరుకోవచ్చు కదా?

"మేం వ్యవసాయం చేసేటోళ్లం టీచరమ్మా, మీరు ఫికర్ చెయ్యకున్రి" అన్నాను.

వ్యవసాయం మా అమ్మానాన్నలు చేసేది నిజమే. హాస్టల్లో చదివిన నాకు తెలిసిందల్లా సెలవుల్లో పొలానికి సద్ది మొయ్యడం, దారిలో అందులోంచి కొంచెం తినడం.

వానలు పడగానే ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. విత్తనాల దుకాణం పెద్దాయన జాగా ఎంతుందని అడిగాడు. రెండు మంచాలంత అని చెప్పడానికి నామోషీగా అనిపించి, చాలానే ఉందన్నాను. సొర, బీర, కాకర, చిక్కుడు, టమాట, వంగ, బెండ, గోంగూర, బంతి అన్నీ పొట్లాలు కట్టించుకొచ్చాను. మధ్యలో చామంతి నారు పెట్టి, తెచ్చిన విత్తనాలన్నీ దాని చుట్టూ ఒకే ఆదివారం చల్లేశాను. సగం మొలవవులే అని నా ధీమా. మర్యాద తెలిసిన చుట్టాల్లా ఒక్కటీ మానకుండా మొలిచాయి.

కళ్లు చూపించుకోవడానికి దవాఖానకొచ్చిన మా అమ్మ పెరట్లోకి తొంగి చూసింది.

"బిడ్డా, గిది తోటనా, అఫ్జల్‌గంజ్ బస్సా? సగం పీకెయ్" అంది.

పీకడమా? నా చేత్తో మొలిపించినవాటిని? అమ్మ రెండు టమాట మొక్కలు లాగేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆమె బస్సెక్కగానే వాటిని మళ్లీ నాటాను.

కార్తీకం వచ్చేసరికి చిక్కుడుతీగ బట్టలారేసే తాడు ఎక్కి టీచరమ్మ చీరను పట్టుకుని వదల్లేదు. సొరతీగ కిటికీని కమ్మేస్తే పాపం ఆవిడ పట్టపగలు లైటు వేసుకుని బైబిల్ చదువుకునేది. దేనికీ ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే చామంతులకు మొగ్గలొచ్చాయా అని మాత్రం అడిగేది. లోపలున్నాయని చెప్పేదాన్ని. ఆ లోపల ఎక్కడో నాకే తెలియదు.

క్రిస్మస్ ముందురోజు పొద్దున కొడవలి పట్టుకుని ఆ అడవిలోకి దిగాను. గంటసేపు తీగలు కోస్తే, ఎండ మొహం చూడక పాలిపోయిన నాలుగు చామంతి పుల్లలు బయటపడ్డాయి. వాటికి మిరియాలంత మొగ్గలు మూడు. వాటిని చేతిలో పెట్టుకుని, మెట్టు మీద కూర్చున్న టీచరమ్మ ముందు నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆ మొగ్గల్ని చాలాసేపు చూసి, మెల్లగా లేచి, చీర మార్చుకుని, పూల మార్కెట్‌కు రమ్మంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు చర్చికి నన్నూ తీసుకెళ్లింది. వేదిక నిండా పసుపుపచ్చటి చామంతులు. ఆరాధన అవగానే ఆడవాళ్లంతా మూగి, మీ పెరటి పూలు ఎంత బాగున్నాయో అంటూ మెచ్చుకోవడం మొదలుపెట్టారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆవిడేమో జన్మలో అబద్ధమాడని మనిషి, పైగా నిలబడింది చర్చిలో.

"పూలు బజార్ల కొన్నవి" అంది టీచరమ్మ. తర్వాత నా భుజం పట్టి ముందుకు జరిపింది. "మా పెరట్ల ఈ ఏడు పండింది గీ పిల్ల ఒక్కతే."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా, కళ్లు తుడుచుకుంటూ, ఆవిడే నవ్వింది. తర్వాత నేను ఆ గదిలో ఆరేళ్లున్నాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో కుండీకి ఒక్కటే మొక్క. అది ఒంటరిగా ఉన్నానని దిగులుపడి నన్ను పేరు పెట్టి పిలిచినా సరే, పక్కన రెండోది నాటను.