కబుర్లపోగు

ఇవాళ పొద్దున్న మా కోడలు పసిదాని నాలిక్కి రాయడానికి సానరాయి మీద వస అరగదీస్తుంటే, ఆ ఘాటువాసనకి మా సూరమ్మ పిన్ని గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆవిడకి వస కాస్త ఎక్కువే పోసుంటారని మా ఇంట్లో అనుకునేవారు.

మాది ఐనవిల్లి దగ్గర పల్లె. గోదారికి ఆనకట్ట కట్టి, మావైపు కొత్తగా కాలవలు తవ్వుతున్న రోజులు. మా బాబాయి భార్యగా పిన్ని కాపరానికి వచ్చేసరికి నాకు ఏడేళ్ళుంటాయేమో. వడ్లు దంచుతూ రోకలితో, పనసతొనలు వలుస్తూ ముసిరే ఈగలతో, ఊరగాయ కలుపుతూ జాడీతో కూడా మాట్లాడేది. పాలు పితకడానికి కూచుంటే మరీను. పుట్టింటి సంగతులన్నీ గేదె చెవిన వేసేది, అది నెమరేస్తూ చెంబు నిండా ఇచ్చేది. అమ్మ వాగుడుకాయ అనేది, పిల్లలం వసపిట్ట అనేవాళ్ళం. ఎవరేమన్నా నవ్వేసేది.

అట్లతద్దినాడు, నేతి అట్ల వాసన వీధిదాకా పోతుంటే, పండక్కి సారె తెచ్చిన పిన్ని తండ్రిగారి ముందే తాతయ్య విసుక్కున్నారు. “ఈ వదరుబోతు నోరు ఒక్క క్షణం మూతపడదు కదా!”

ఆ పెద్దమనిషి తల వంచుకున్నారు. పిన్ని చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

మర్నాటినుంచి పిన్ని నోట “ఆయ్” తప్ప మాట లేదు. అన్నం పెట్టమన్నా ఆయ్, నీళ్ళు తోడమన్నా ఆయ్. ఇంటికి ముసురు పట్టినట్టయింది. గేదె చేపడం మానేసింది. దూడని వదిలినా, పొదుగు కడిగినా చెంబు అడుగు తడవలేదు. మామ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. చివరికి తాతయ్యతో అంది: “దిష్టీ కాదు, గాలీ కాదు. దానికి అలవాటైన గొంతు వినపడక. మాటన్నది మీరు, మీరే చూసుకోండి.”

మావగారు కోడలితో నేరుగా మాట్లాడే రోజులు కావవి. ఆ సాయంత్రం తాతయ్య పాకలోకి వెళ్ళి, ఖాళీ చెంబుతో కూచున్న పిన్నివైపు చూడకుండా, గేదె మెడ నిమురుతూ దాంతోనే అన్నారు.

“ఏమే, అలిగేవా? సరైన మాట తోచక ఏదో అనేసేను. వదరుబోతంటే పనికిమాలిన మాటలాడేది. ఈ అమ్మాయి అది కాదు. మరేమిటంటావ్…” కాసేపు వెతుక్కున్నారు. “కబుర్లపోగు. ఆయ్, మా కబుర్లపోగు.”

నేను మామ్మ కొంగు పట్టుకుని పాక బయట నిలబడ్డాను. పిన్ని చెంగుతో కళ్ళు తుడుచుకుని, తనూ గేదెతోనే అంది: “విన్నావుటే? మావయ్యగారికి నామీద కోపం లేదుటే. మరి మా నాన్నగారితో ఈ మాట ఎవరు చెబుతారే? ఆరోజు ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదే…”

ఇంక ఆపితేనా! అంతలో చెంబులో పాలధార చప్పుడైంది. మామ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. మర్నాడు తాతయ్యే పడవెక్కి వెళ్ళి, వియ్యంకుడితో ఆ మాట చెప్పి వచ్చేరు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. పాక ఉన్నచోట కొబ్బరిమొక్కలు వేసేరు. మొన్న ఆ ఇంటికి వెళ్ళేను. మా తమ్ముడి కోడళ్ళు మంచివాళ్ళు, పీట వేసేరు, కొసరి కొసరి వడ్డించేరు. ఏ వేళకి బయల్దేరేరనిగాని, నిన్న ఏం కూర వండుకున్నారనిగాని ఒక్కరూ అడగలేదు. చెబుదామని ఎన్ని మోసుకెళ్ళేనో, అన్నీ అలాగే వెనక్కి తెచ్చుకున్నాను.