ఎదురింటి గడప దాకా

వేలూరు బస్సుల్లో ఫోనుకి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు. తాము చూసే వీడియో బస్సంతా వినాలన్నది ఇక్కడి ఉదారగుణం. చదువైపోయిన ఆ కొత్తలో, ఇళ్ళకు వెళ్ళి రోగులతో వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అసిస్టెంటుగా చేరి, ఆ గోల వింటూనే గుడియాత్తం వెళ్ళి వచ్చేవాణ్ణి. పడిపోయిన కాళ్ళన్నీ నా కోసమే ఎదురు చూస్తున్నాయని నాకో నమ్మకం ఉండేది. (కాళ్ళకు ఆ సంగతి తెలియదు.)

అక్కడ నా రోగి ఒక రైతు తాత. పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడ్చేవాడు. ఎదురింట్లో ఉండేది ఆయన సొంత అన్న. బావి నీళ్ళ వాటా దగ్గర చెడి, ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. మొదటిరోజు, కాలేజీలో నేర్పినట్టే, ‘నీకేం కావాల తాతా?’ అని అడిగాను. ‘వాని గడప మీద నిలబడి నాలుగు మాటలు అడగాల నాయనా. ఆడిదాకా నడిపిస్తే చాలు’ అన్నాడు. నేను ‘ఇరుగుపొరుగుతో కలవడం’ అని రాసుకున్నాను.

మేము వాకిట్లో వాకరు పట్టుకోగానే ఆ అన్న ఎదుటి తిన్నె మీద చేరి, దారిన పోయేవాళ్ళతో ‘అంగన్‌వాడీలో చేర్పించండప్పా, నడక వస్తాది’ అనేవాడు. మా తాత పళ్ళు కొరికి ఇంకో అడుగు వేసేవాడు. నేను నేర్చుకొచ్చిన వ్యాయామాలేవీ అంత బాగా పనిచేయలేదు. ఒకరోజు అన్న దగ్గుతూ, ‘ఏమప్పా, ఈపొద్దు మీ బిడ్డ పడలేదే’ అని నన్నే అడిగాడు. గొంతులో నిరాశేమీ వినిపించలేదు.

ఒక సోమవారం వెళ్ళేసరికి ఎదురింటి ముందు షామియానా, తప్పెట్లు. అన్న తెల్లవారుజామున పోయాడట. తాత అప్పటికే చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. వాకరు వద్దన్నాడు, నా చెయ్యీ వద్దన్నాడు. తప్పెటవాళ్ళు వాయించడం ఆపి దారి ఇచ్చారు. గడప దగ్గర కాలెత్తి అవతల పెట్టాడు. (మెట్లెక్కడం మేమింకా మొదలే పెట్టలేదు.) అలవాటు కొద్దీ నా నోట ‘సూపర్ తాతా, ఇంకొక్కటి’ అని గట్టిగా వచ్చేసింది. ఇంట్లో ఏడుపులు ఆగిపోయాయి.

తాత ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ అడగలేదు. అన్నను పడుకోబెట్టిన ఐసుపెట్టె అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదనిపించి (ఆ వయసులో అలాగే అనిపిస్తుంది, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలీ నవ్వూ కలిసే వస్తాయి), తలాపున కూర్చున్న అన్న భార్యతో మెల్లగా అన్నాను: ‘ఎవురూ పట్టుకోకుండా, ఆ కాలితోనే నడిచొచ్చినాడవ్వా.’

ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

‘కాలు బాగుండినప్పుడు రాలే కదప్పా.’