ఓబుల్‌రెడ్డి నేర్చుకున్న రెండు స్పానిష్ వాక్యాలు

కిందటేడాది మార్చిలో, కమలాపురం దగ్గర ఒక ఇంట్లో మధ్యాహ్న భోజనం ముగిసింది. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్న స్పెయిన్ ఇంజినీరు రామోన్, ఇంటి యజమాని ఓబుల్‌రెడ్డిని తన భాషలోనే ఒక మాట అడిగాడు. "మెషీన్ ఎలా ఉంది? అంతా బాగుందా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఓబుల్‌రెడ్డి చలికాలమంతా నా దగ్గర స్పానిష్ నేర్చుకున్నాడు. నిద్రలో లేపి అడిగినా ఆ జవాబు తప్పు లేకుండా చెప్పగలడు. నేను వక్క నమలడం ఆపి ఆయన వైపు చూశాను. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, నవ్వుతూ, "తోదో బియెన్" అన్నాడు.

అంతా బాగుంది అని దాని అర్థం. ఏదీ బాగా లేదు. ఆ సంగతి ఆ గదిలో రామోన్‌కు తప్ప అందరికీ తెలుసు.

నేను స్పానిష్ నేర్పే పనిలోకి పత్రిక నుంచి వచ్చాను. హైదరాబాద్‌లో విదేశీ వార్తల డెస్క్‌లో ఉన్నప్పుడు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు తప్పుగా రాస్తున్నామని పాఠకులు ఉత్తరాలు రాస్తుంటే విసుగొచ్చి, సాయంత్రం తరగతుల్లో చేరాను. పేర్ల కోసం మొదలుపెట్టిన చదువు భాష దాకా పోయింది. తర్వాత కడప ఎడిషన్‌కు బదిలీ అయి, ఉద్యోగం వదిలాక, ఇక్కడే ఒక మేడ మీది గదిలో బోర్డు పెట్టాను. కడపలో స్పానిష్ ఎవరికి కావాలని నవ్వినవాళ్లున్నారు. స్పెయిన్ కంపెనీ గాలిమరల దగ్గర పనిచేసే కుర్రవాళ్లు వచ్చారు. మంగంపేట ముగ్గురాయి పొడిని దక్షిణ అమెరికా చమురు బావుల తవ్వకానికి ఎగుమతి చేసే మిల్లుల ఆఫీసు ఉద్యోగులు వచ్చారు. వాళ్ల తర్వాత ఓబుల్‌రెడ్డి వచ్చాడు.

మా పనిలో మొదటి మెట్టును ఏ1 లెవెల్ అంటారు. పలకరింపు, పేరు, ఊరు, అంకెలు, కావాలి, వద్దు, ఎక్కడ, ఎంత, ఇంతే. వ్యాపారం కోసం వచ్చేవాళ్లకు ఇది కూడా ఎక్కువే అనిపిస్తుంది. వాళ్లకు కావలసింది భాష కాదు, తమ పని జరగడం. ఓబుల్‌రెడ్డి ఆ సంగతి దాచుకోలేదు.

"సారూ, నాకు శానా అక్కర్లేదు. రెండు మాటలు నేర్పిస్తే సాలు," అన్నాడు కుర్చీలో కూర్చోకముందే.

"ఏమిటా రెండు?"

"రాయి బాగుండాది. తప్పు నీ మిషన్లో ఉండాది. ఇంతే."

ఆయనది చీనీ, అంటే బత్తాయి, తోటల కుటుంబం. బోర్లలో నీళ్లు అడుగంటాక తోట అమ్మి, ఎర్రగుంట్ల రోడ్డు మీద నల్లరాయి పలకల ఫ్యాక్టరీ పెట్టాడు. పాత పాలిషింగ్ మెషీన్ల మీద పని నిదానమని, స్పెయిన్‌లో తయారైన కొత్త లైన్ మెషీన్ ఒకటి తెప్పించాడు. పలకలు బెల్టు మీద వరసగా సాగుతుంటే పైన తిరిగే తలలు వాటిని నునుపు చేస్తూ పోతాయి. పొద్దున బాగానే నడిచేది. రెండు మూడు గంటలు నడిచి వేడెక్కాక, చివరి తల కిందికి ఒత్తి పలకల మూలలు విరిచేది. ఫొటోలు పంపితే, మెషీన్ అమ్మిన చెన్నై ఏజెంటు ఒకటే మాట చెప్పేవాడు. మీ కడప రాయి పొరలు పొరలుగా ఉంటుంది, పొర విడిపోతే మెషీన్ ఏం చేస్తుంది అని. వారంటీ, అంటే కంపెనీ తన ఖర్చుతో బాగుచేసి ఇచ్చే గడువు, ఉగాదితో ముగుస్తుంది. ఈలోపు దక్షిణాదిలో తమ మెషీన్లన్నీ చూసిపోవడానికి కంపెనీ ఇంజినీరు వస్తున్నాడు. ఆయన ఒప్పుకుంటే ఆ తల మారుతుంది. లేకపోతే అమ్ముకున్న తోట ఆ ఇనుము కిందే పోయినట్టు.

"ఆ మాత్రానికి మీరు నేర్చుకోవడం ఎందుకు? ఇంజినీరు వచ్చిన రోజు నేనొచ్చి చెబుతాను," అన్నాను.

"నువ్వు చెప్తే నీ మాట అయితాది సారూ. ఇన్నాళ్లూ ఆ ఏజెంటు చెప్పిందే ఇన్నారు వాళ్లు. ఈ తూరి నా నోటితో నేను చెప్పల్ల. మొగం చూసి చెప్పల్ల."

ఆ పట్టుదల నాకు నచ్చింది. మనిషి మాటను మధ్యలోవాళ్లు ఎంత అరగదీస్తారో డెస్క్‌లో ఏళ్ల తరబడి చూశాను.

మొదటివారం పలకరింపులు నేర్పాను. ఎవరైనా ఎలా ఉన్నారంటే 'తోదో బియెన్' అనాలి అన్నది అప్పుడు వచ్చిందే. తర్వాత ఆయన అడిగిన రెండు వాక్యాలు. లా పియెద్రా ఎస్తా బియెన్; రాయి బాగుంది. ఎల్ ప్రొబ్లేమా ఎస్తా ఎన్ లా మాకినా. సమస్య మెషీన్‌లో ఉంది. వాటికి నేను మూడోది చేర్చాను. వేంగా ఇ మీరె, పోర్ ఫవోర్. దయచేసి వచ్చి చూడండి.

"మీరే అంటే మన మాటే కదప్పా. వాళ్లూ మనోళ్లేనేమో," అని నవ్వాడు.

రోల్‌ప్లే అని ఒక పద్ధతి ఉంది. చెరొక వేషం కట్టి, జరగబోయే సంభాషణను ముందే ఆడి చూసుకోవడం. నేను ఇంజినీరునయ్యేవాణ్ని. రాయి తప్పే అని మొండికేసేవాణ్ని. ఓబుల్‌రెడ్డి నా మీద నిజంగానే మండిపడి, బల్ల గుద్ది, వాక్యాలు రెండూ ఒక్క పొల్లు పోకుండా చెప్పేవాడు. ఆయన భార్య నాగమ్మ ఒకసారి ఫోన్‌లో నాతో అంది: "అన్నా, ఈయప్ప పొద్దున లేస్తే మిక్సీకి కూడా చెప్తాండాడు, ప్రొబ్లేమా నీలోనే ఉండాదని. ఆ మిక్సీ యాడ అలిగి పోతాదో ఏమో."

రామోన్ పది గంటలకు నేరుగా ఫ్యాక్టరీకి రావాలి. తెల్లవారగానే మెషీన్ మొదలుపెట్టి, ఆయన వచ్చేసరికి వేడెక్కేలా చూసుకోవాలి. విరిగిన పలకలు గేటు పక్కనే కుప్పగా ఉండాలి. ఏజెంటు రావడం లేదని ముందే తెలిసింది, కాబట్టి అడ్డు లేదు. ఇదీ మేమనుకున్న ఏర్పాటు. నేను తొమ్మిదికే చేరుకున్నాను.

బెంగళూరు నుంచి వస్తున్న కారు దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఆయన కమలాపురం క్రాస్‌కు వచ్చి ఫోన్ చేసేసరికి పన్నెండు దాటింది. పనివాళ్లు భోజనానికి మెషీన్ ఆపేశారు.

"ఇంటికి రమ్మను సారూ," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

"ముందు ఫ్యాక్టరీ చూపిద్దాం. తర్వాత భోజనం."

ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అనకూడని మాట అన్నట్టు చూశాడు. "పొద్దు నడినెత్తికొచ్చినాది. అంత దూరం నుంచి ఆకలితో వచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టి కొట్లాడతామా? కూడు తిననీ."

రామోన్ ముప్పై దాటని మనిషి. ఎండకు ముఖం ఎర్రబడి ఉంది. ఇంగ్లీషు నాలుగు ముక్కలకు మించి రాదు. స్పానిష్‌లో పలకరించే మనిషి కడప జిల్లాలో దొరికినందుకు నా చెయ్యి వదల్లేదు. నాగమ్మ రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల చట్నీ, ఓళిగలు వడ్డించింది. ఆయన చెంచా కోసం చూశాడు.

"చెంచాతో తింటే సంగటికి రోషమొస్తాది. చేత్తో తినప్పా రామప్పా," అంది నాగమ్మ.

రామోన్ అప్పటికప్పుడే రామప్ప అయిపోయాడు. నేను తర్జుమా చేస్తే పడిపడి నవ్వాడు. పులుసు కారానికి కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ, ఇంకొంచెం వేయమని గిన్నె చూపించాడు. తమ ఊళ్లో ఆదివారం అమ్మ కోడి వండుతుందని, రెండు వారాలుగా హోటళ్లలో తిని నాలుక చచ్చిందని చెప్పాడు. లేచేటప్పుడు నాగమ్మకు చేతులు జోడించి "గ్రాసియాస్, సెన్యోరా" అన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చాక ఆ ప్రశ్న. దానికి ఈ జవాబు.

"మంచిది," అన్నాడు రామోన్, తేలికపడ్డట్టు. "ఏదో రాయి గొడవ ఉండేదని, సర్దుకుందని ఏజెంటు కూడా చెప్పాడు."

నేను నోరు తెరవబోయాను. ఓబుల్‌రెడ్డి నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. తర్జుమా చేసేవాడు తన మాట కలపకూడదు. ఎదుటివాడు అనని మాట అన్నట్టు రాయకూడదన్నదే పత్రికలో నేను నేర్చుకున్న మొదటి పాఠం కూడా. మళ్లీ వక్క నమలసాగాను.

ఫ్యాక్టరీకి వెళ్లేసరికి గేటు ముందు కళ్లాపి చల్లి ముగ్గు వేసి ఉంది. విరిగిన పలకల కుప్ప కనిపించలేదు. ఏదని సూపర్‌వైజర్ బాషాను పక్కకు పిలిచి అడిగాను.

"సుట్టం వస్తాండాడు కదా సార్. ఇరిగినవి ఎదురుగా పెట్టుకుంటామా? షెడ్డు యెనక్కి ఏపిచ్చినా," అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

చల్లారిన మెషీన్ నాలుగైదు పలకలను అద్దాల్లా మెరిపించి బయటికి పంపింది. రామోన్ ఒకదాని మీద చెయ్యి రాసి, మెషీన్‌ను భుజం తట్టినట్టు తట్టాడు. ఇంకో రెండు గంటలు నడిపి చూడమని ఒక్క మాట అడిగితే ఉండేవాడే. ఎవరూ అడగలేదు. అరగంటలో తిరుపతి దారి పట్టాడు. ఓబుల్‌రెడ్డి కారులో చెనిక్కాయల సంచి పెట్టించాడు.

కారు మలుపు తిరిగాక అడిగాను. "ఎందుకు చెప్పలేదు?"

ఆయన గేటు మూయించి వచ్చాడు. తర్వాత అన్నాడు: "నేను సంగటి పెట్టి, వాడు ఇష్టంగా తిని, చెయ్యి తడి ఆరకముందే నీ మిషను చెడిందంటే ఏమనుకుంటాడు సారూ? ఓహో, ఈ కూడు ఇందుకా పెట్టింది అనుకోడా? నా ఇంటి అన్నానికి అంత మాట రానియ్యను."

"మరి ఫ్యాక్టరీ దగ్గరైనా..."

"గంట కిందట నా ఇంట్లో తిన్నోడే కదా ఆడ ఉండేది."

రోల్‌ప్లేలో ఆయన నా మీద మండిపడ్డప్పుడు నేనెప్పుడూ ఆయన ఇంట్లో భోంచేసి లేను.

ఆ రాత్రి నాగమ్మ ఆయన్ను వదల్లేదట. "చలికాలమంతా మిక్సీని తిట్టినావు. అసలోడొస్తే సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నెట్ల కూచున్నావు," అందట. కానీ మరుసటి రోజు నాతో మాత్రం ఆమె ఇంకోలా చెప్పింది. "నేను ఆ రామప్పకు వడ్డించేటప్పుడే అనుకున్నా అన్నా, ఇంక ఈయప్ప చెప్పలేడని. తెలిసీ వడ్డించినా. ఆకలైన పిల్లోనికి ఎట్ల పెట్టకుండా ఉంటాం?"

సర్వీస్ రిపోర్ట్, అంటే ఇంజినీరు వచ్చిపోయాక కంపెనీకి ఇచ్చే నివేదిక, వారంలోగా ఏజెంటు ద్వారా వచ్చింది. మెషీన్ సక్రమంగా పనిచేస్తోంది, కస్టమర్‌కు ఫిర్యాదు లేదు అని అందులో ఉంది. రామోన్ అబద్ధం రాయలేదు. చూసింది, విన్నది రాశాడు. విలేకరిగా నేను అక్కడున్నా అదే రాసేవాణ్నేమో.

కంపెనీకి నేరుగా స్పానిష్‌లో మెయిల్ రాద్దామన్నాను. ఓబుల్‌రెడ్డి ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. "ఇంజినీరు సరిగా చూడలేదని మాత్రం రాయొద్దు సారూ. ఆ పిల్లోని ఉద్యోగానికి ఎసరు పెట్టే పని మనకొద్దు." మెషీన్ వేడెక్కేదాకా ఆయన ఉండలేదన్నది తీసేస్తే ఆ మెయిల్‌లో బలమేముంటుంది? అయినా అది లేకుండానే రాశాను. మర్యాదగా జవాబొచ్చింది, ఫిర్యాదు లేదన్న ఆ రిపోర్ట్‌నే జతచేసి. ఉగాది దాటింది, వారంటీ ముగిసింది.

ఇప్పుడు ఆ మెషీన్‌ను పొద్దున రెండు గంటలు నడిపి ఆపేస్తారు. మిగతా పని పాత మెషీన్ల మీదే. బాషా ఇంకా అక్కడే ఉన్నాడు, పాలిష్ పట్టే వాళ్లలో కొందరు పని కోసం తాడిపత్రి ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. ఓబుల్‌రెడ్డి తరగతికి రావడం మానేశాడు. రోడ్డు మీద కనిపిస్తే తెలుగులోనే పలకరిస్తాడు.

భాష నేర్పితే మాట బయటికి వస్తుందని నమ్మి ఈ పనిలోకి వచ్చాను. వాక్యం వచ్చిన మనిషికి కూడా, దాన్ని పలకడానికి ఒక చోటు, ఒక వేళ కుదరాలని ఈ ఒక్క విద్యార్థి వల్ల తెలిసింది. ఇప్పుడు ఎవరైనా ఫిర్యాదు చెప్పడానికి స్పానిష్ కావాలని వస్తే, ముందు అక్షరాలు మొదలుపెట్టను. ఆ మాట ఎక్కడ చెబుతారు, భోజనానికి ముందా తర్వాతా అని అడుగుతాను. కొత్తవాళ్లు నవ్వుతారు. నేను నవ్వను.

రెండోసారి తనిఖీ చేయమని ఈమధ్య నాగమ్మ పట్టుబట్టి నాతో రాయించిన మెయిల్‌కు, పరిశీలిస్తామని మాత్రం కంపెనీ రాసింది. ఎవరిని పంపుతారో, ఎప్పుడు పంపుతారో చెప్పలేదు. వచ్చేది రామోనే అయితే ఆయన్ను భోజనానికి పిలవాలా వద్దా అన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.