నలభై రెండో నంబరు

నేను ఇంటర్ తప్పిన ఏడాదే మా చెల్లెను బడిలో చేర్చుకోమని తిరిగాం. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. బాన్సువాడలోని మా ఇంట్లో చదువు అంటనివాళ్లం ఇద్దరం ఉన్నా, దవాఖానకు మాత్రం ఆమెనే తీసుకుపోయారు.

చెల్లెకు అప్పుడు ఎనిమిదేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. నాన్న పనిచేసే రైస్ మిల్లులో బెల్టు చప్పుడు మారితే మాత్రం ఆయన కంటే ముందే పసిగట్టేది. ఏదైనా అడిగితే అడిగిందే మళ్లీ అనేది, అడిగినవాళ్ల గొంతుతో సహా. "బువ్వ తింటవా?" అని అమ్మ అంటే "బువ్వ తింటవా?" అని అమ్మలాగే అనేది. అమ్మ దాన్ని అవుననే లెక్కేసి పెట్టేది. ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

హైదరాబాదులో పెద్ద డాక్టరు చాలాసేపు చూసి "ఆటిజం" అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని, "ఆటో గీటో ఎక్కలే సార్, సీదా బస్సులనే వచ్చినం" అన్నాడు. నేను నవ్వాను. డాక్టరు నవ్వలేదు. ఇది తాయెత్తుకూ సూదికీ పోయేది కాదనీ, తోటిపిల్లల మధ్య కూర్చోబెట్టి ఆమెకు పట్టుబడే తీరులో చెబితే నేర్చుకుంటుందనీ చెప్పాడు. అదే చీటీ మీద ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఏదో ఒక మందు రాసిచ్చినా బాగుండేది. మందుల దుకాణంవాడు చీటీ చూసి "రేపు రా" అనడు కదా.

బడిలో అందరూ పెద్దసారు అని పిలిచే హెడ్మాస్టరు ఆ మాట అన్నాడు. అనే ముందు చెల్లెను పరీక్ష కూడా చేశాడు.

"నీ పేరేంది?"

"నీ పేరేంది?" అంది చెల్లె.

"పెద్దోళ్లను పట్టుకొని నీ అంటదా? గిదేనా ఇంట్ల నేర్పింది?"

"గిదేనా ఇంట్ల నేర్పింది?" అంది, రాగం కూడా తప్పకుండా.

"ఏమనుకోకుండ్రి సార్, దాని బీమారే గది," అని నాన్న చీటీ ఇచ్చాడు. పెద్దసారు చీటీని తలకిందులుగా పట్టుకున్నాడని అబద్ధం చెప్పను. సరిగ్గానే పట్టుకున్నాడు. చదవలేదంతే. "డాక్టర్లకేంది, చెప్తరు. నాకీడ నలబై ఒక్కమంది ఉన్నరు. జాగ లేదు. రేపు రాండ్రి, సూద్దాం" అన్నాడు.

మర్నాటి నుంచి నాన్న మిల్లు పని వదల్లేక నన్ను తోలాడు. నేను ఎలాగూ ఖాళీ. ఆ రేపు దాదాపు రెండు నెలలు సాగింది. చివరికి నా మొహం చూడలేకే కావచ్చు, పెద్దసారు ఒప్పుకున్నాడు. "కూసోనీ. పట్టీల మాత్రం పేరెక్కియ్య. పేరెక్కితే రేపు నేను జవాబు చెప్పాలె."

అమ్మ ఆ మాత్రానికే కొబ్బరికాయ కొట్టింది. నాకు ఒళ్లు మండింది. హాజరు పట్టీలో పేరు లేకపోతే పుస్తకాలు లేవు, పరీక్ష లేదు, పై తరగతి లేదు. సర్కస్ డేరా బయట నిలబెట్టి లోపలి చప్పుళ్లు వినమన్నట్టు. పైగా దానికి మేం సలాం కొట్టాలి.

తరగతి గుమ్మం పక్కన గోనెసంచి పరిచి చెల్లెను కూర్చోబెట్టేవాళ్లం. ఆమె లేచి పోతుందేమోనని నేను వరండాలో కాపలా. పెద్దసారు పేర్లు పిలవడు, నంబర్లే. ఆయన "ఒకటి" అంటే ఒకరు "హాజర్ సార్" అంటారు. ఆ నంబర్లంటే చెల్లెకు ఎంత ఇష్టమో! అప్పటిదాకా ఊగుతున్నది ఊగడం ఆపి వినేది. ఇంటికొచ్చి మొత్తం పట్టీ మళ్లీ పిలిచేది. అమ్మ రొట్టెలు చేస్తూ "హాజర్ సార్" అనేది.

కాలువకు నీళ్లు వదిలారు. నాట్లు మొదలై సగం తరగతి పొలాల్లో ఉంది. సరిగ్గా ఆ వారమే తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. ముందు పెద్దసారు గదిలో కోడికూరతో భోజనం అయింది. తరువాత ఆఫీసరు రుమాలుతో మూతి తుడుచుకుంటూ తరగతిలోకి వచ్చి, పట్టీ తెరిచి, "ఒకటి" అన్నాడు.

చెల్లె అందుకుంది. పెద్దసారు గొంతులో.

"రెండు. హాజర్ సార్. మూడు. హాజర్ సార్." అలా ఎనిమిది దాకా పోయింది. "తొమ్మిది. తొమ్మిది! నాట్లకు పోయిండా? పోనీ తియ్, హాజర్ ఏస్త. పది. హాజర్ సార్. పదకొండు. గీడు గూడ నాట్లకేనా? హాజర్ ఏస్త. తనిఖీకొచ్చేటోడు లెక్కవెడ్తడా ఏంది, కోడికూర తిని పోతడు గని."

ఆఫీసరు రుమాలు మూతి దగ్గరే ఆగిపోయింది. ఉన్న పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండు నెలలుగా జాగ లేదన్న తరగతిలో, లేనివాళ్లందరికీ జాగ ఉంది. మా చెల్లెకే లేదు.

"ఈ పిల్ల నంబరెంత?" అన్నాడు ఆఫీసరు.

"నంబర్ లేదు సార్," అన్నాను గుమ్మంలోంచి. "పట్టీల ఎక్కిస్తలేరు. ఎక్కిస్తే గిట్ల బయట మందికి చెప్పకుంట కూసుంటది."

చెల్లె నోరు నా చేతిలో లేదు. అది ఉత్త బెదిరింపని నాకు తెలుసు. డాక్టరు చీటీకి కాని పని బెదిరింపుకు అయింది. అప్పటికప్పుడే నలభై ఒకటి కింద నలభై రెండు పడింది. పెద్దసారు మీద చర్యలేం లేవు. కోడికూర అప్పటికే తిన్నారు కదా.

మర్నాడు చెల్లెకు తల దువ్వి, పౌడరు రాసి పంపింది అమ్మ. పెద్దసారు వరసగా పిలుస్తూ వచ్చి, "నలబై రెండు" అన్నాడు.

"నలబై రెండు" అంది చెల్లె.

ఆయన గైరుహాజరు వేశాడు.

నేను లోపలికే పోయాను. "సార్, కండ్ల ముంగటనే కూసున్నది గదా!"

"హాజర్ అనలే గదా."

"మీరేదంటే అదే అంటది సార్. 'నలబై రెండు, హాజర్ సార్' అని మీరే అనుండ్రి. ఎన్కనే అంటది."

"నేనే పలికి నేనే ఏస్కోవాల్నా? గదేం పద్ధతి?" అన్నాడు. అంతకుముందే తొమ్మిదో నంబరుకు తనే పలికి తనే వేసుకున్నాడు. సిరా ఇంకా ఆరలేదు. మేం అడిగింది వేరే బడి కాదు, వేరే పంతులు కాదు. రెండు మాటలు. ఆ రెండు మాటలకు ఆయనకు పద్ధతి అడ్డం వచ్చింది. ఆ పట్టీ తీసి కాలువలో పారేద్దామనుకున్నాను. కానీ అందులో ఎంతో కష్టపడి ఎక్కించిన నంబరు ఒకటుంది.

మరునాటి నుంచి కిటికీ బయట నిలబడ్డాను. పెద్దసారు "నలబై రెండు" అనగానే, చెల్లె నోరు తెరిచేలోపు, "హాజర్ సార్" అని అరిచేవాణ్ని. చెల్లె నా గొంతులో "హాజర్ సార్" అనేది. ఆయన పళ్లు కొరుకుతూ వేసేవాడు. "ఇంటర్ తప్పితే ఒకటో తరగతికి దింపిండ్రా అన్నా?" అని దారిన పోయేవాళ్లు నవ్వేవారు. "ఔ మరి, ఈడ గూడ తప్పేతట్టున్న" అనేవాణ్ని. నా పరీక్షలు వచ్చేదాకా ఒక్క రోజూ మానలేదు.

తప్పిన ఇంటర్ మళ్లీ రాయడానికి మూడు రోజులు బోధన్ పోయాను. ఆ మూడు రోజులూ అమ్మ చెల్లెను పొద్దున్నే తీసుకుపోయి గోనె మీద కూర్చోబెట్టింది, సాయంత్రం తీసుకొచ్చింది. తిరిగొచ్చాక పట్టీ చూశాను. నలభై రెండుకు మూడు రోజులూ గైరుహాజరు. తొమ్మిదో నంబరు మాత్రం హాజరే.