మందుల పెట్టెలో లేని చక్కెర

మా ఆయన ఆఫీసువాళ్ళు ఏడాదికోసారి అందరినీ ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తారు. నిరుడు గండిపేట వెళ్ళారు. ఈసారి షామీర్‌పేట దాటాక ఎయిర్‌సాఫ్ట్ ఆడించే మైదానం అన్నారు. రెండు జట్లు, చిన్న చిన్న ప్లాస్టిక్ గుండ్లు పేల్చే తుపాకులు, ముఖానికి మాస్కు, గుండు తగిలినవాడు చెయ్యెత్తి బయటికి పోవాలి. యాభై దాటిన మనిషికి, అందులోనూ షుగర్ ఉన్న మనిషికి ఈ యుద్ధాలెందుకని నేనన్నాను. "ఇంటోళ్ళు సుత రావొచ్చన్నరు, నువ్వు సుత రా" అన్నారాయన. ఆయన పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో, నాది ఏలూరు. ఆయన మాట మెత్తన, నాది కాదు. ఒంటరిగా పంపితే ఏ కాలో విరగ్గొట్టుకుని వస్తారని నేనూ బయల్దేరాను.

అవి శ్రమ దినాలు. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజుల్లో మా ఆయనకు చిన్నప్పటినుంచీ ఉపవాసం ఉండే అలవాటు. ఈ ఏడు డాక్టరు వద్దన్నాడు, నేను ఇంకా గట్టిగా వద్దన్నాను. "సరే" అన్నారు. ఆ మాట నమ్మాను.

శనివారం పొద్దున్నే చిలకలగూడలో ఆటో ఎక్కి జూబ్లీ బస్టాండుకు చేరాం. ఇల్లు కదిలేముందు షుగర్ మాత్ర నా చేత్తోనే ఇచ్చాను, నా ఎదుటే మింగారు. పెందలాడే ఆయనకు తిండి దిగదు కాబట్టి ఇడ్లీలు డబ్బాలో సర్ది, బస్సెక్కగానే తినమని ఒకటికి రెండుసార్లు చెప్పాను. స్టాండులో ఆఫీసువాళ్ళు కలిశారు. అందులో స్నేహ అనే అమ్మాయి ఈమధ్యే ఉద్యోగంలో చేరింది, ఆఫీసులో మా ఆయన పక్క సీటే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు చెబుతున్నాను, కరీంనగర్ వైపు పోయే బస్సులు చాలా ఉన్నాయి, పొద్దున్నే అయితే సీటు దొరుకుతుంది. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మరిచిపోకండి. కండక్టరు నాకు జీరో టికెట్ చింపి, వెనకనున్న మా ఆయన్ని చూసి "సార్, మేడం పుణ్యాన మీకు సగం ఖర్చు మిగిలింది" అన్నాడు. నాకు ముందు సీట్లో చోటు దొరికింది, ఆయన ఆఫీసువాళ్ళతో వెనక కూర్చున్నారు. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ దాటేదాకా ట్రాఫిక్, ఆ తర్వాత చల్లటి గాలి. షామీర్‌పేట దాటి అడ్డరోడ్డు దగ్గర దిగగానే నేనడిగిన మొదటి మాట, "తిన్నారా?"

"తిన్న" అని ఖాళీ డబ్బా నా చేతికిచ్చారు.

అక్కణ్ణుంచి షేర్ ఆటో. రోడ్డు వదిలాక మట్టిదారి. ఒకప్పటి రాళ్ళ క్వారీ అట, చుట్టూ వలలు కట్టి, లోపల పాత డ్రమ్ములు, ఇసుక బస్తాలు, చెక్క గోడలు పెట్టారు. దింపి ఆటో వెళ్ళిపోయింది. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒకటో రెండో, అవీ ఉండి ఉండి పోతున్నాయి. నాకు ఆ చోటు మొదటి చూపులోనే నచ్చలేదు, కానీ చెబితే సణుగుడు అంటారని ఊరుకున్నాను.

ఆట నడిపించే కుర్రాడి పేరు కిరణ్. పని తెలిసినవాడే. అందరినీ నిలబెట్టి "లోపట ఉన్నంతసేపు మాస్కు తీయొద్దు, ఎంత చెమట పట్టినా సరే. కన్ను పోతే మళ్ళ రాదు. నేను విజిల్ ఊదితే ఎక్కడోళ్ళక్కడ ఆగాలె, తుపాకి కిందికి" అని చెప్పాడు. షెడ్డులో ఒక బల్ల మీద మందుల పెట్టె తెరిచి చూపించాడు. కళ్ళు కడిగే మందునీళ్ళు, కట్లు, దూది, మంచు సంచులు, నొప్పికి కొట్టే స్ప్రే, మడత పెట్టిన స్ట్రెచర్ కూడా ఉన్నాయి. బళ్ళో పాతికేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, మా స్కూల్లో ఇందులో సగం కూడా ఉండదు. పర్వాలేదనుకున్నాను.

ఆ షెడ్డులోనే ఇంకో చివర కార్ఖానానుంచి వచ్చిన ఒక కుటుంబం బుడగలు కడుతోంది. పిల్లవాడి పుట్టినరోజట. మావాళ్ళు చొక్కాల మీద మందపాటి జాకెట్లు వేసుకుని వల లోపలికి పోయారు. మా ఆయన నా వైపు తిరిగి తుపాకి ఎత్తి చూపించారు. ఆ వయసులో ఆ సంబరం చూసి నవ్వొచ్చింది.

మొదటి ఆట బాగానే ముగిసింది. రెండోది మొదలై ఎండ ముదిరింది. నేను బెంచీ మీద కూర్చుని ఉండగా విజిల్ పొడుగ్గా మోగింది. అన్ని తుపాకులూ ఒక్కసారి ఆగిపోయాయి. కిరణ్, ఇంకో మనిషి మా ఆయన్ని చెరో భుజం పట్టుకుని తీసుకొస్తున్నారు. ఆయన వాళ్ళను తోసేస్తున్నారు.

"నాకేం కాలె. నా గన్ను ఇయ్యి. ఎవడు తీసుకున్నడు నా గన్ను?"

జీవితంలో ఎవర్నీ "ఎవడు" అనని మనిషి. నేను బెంచీ మీంచి లేచి పరుగెత్తాను.

"ఎండ దెబ్బ మేడం, గిట్లనే అయితది" అంటూ కిరణ్ ఆయన్ని నీడలో పడుకోబెట్టి, మాస్కు తీసి, జాకెట్ విప్పి, తల మీద నీళ్ళు పోశాడు. అతను నేర్చుకున్న ప్రకారం అంతా సరిగ్గానే చేస్తున్నాడు. నేను ఆయన మెడ మీద చెయ్యి వేశాను. ఎండ దెబ్బ తగిలితే ఒళ్ళు కాలాలి. ఇది నీళ్ళ కుండ పక్కలా చల్లగా ఉంది. జాకెట్ కింద బనీను, నీళ్ళు తగలనిచోట కూడా, పిండితే కారేటంత చెమట. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి "అక్కా, నువ్వెప్పుడొచ్చినవ్?" అన్నారు. వాళ్ళక్క ఉండేది నాగపూర్‌లో.

"ఇది ఎండ కాదు బాబూ, షుగర్ పడిపోయింది" అన్నాను.

"పొద్దున తిన్నడా మేడం?"

"ఏమండీ, ఇటు చూడండి. పొద్దున ఏం తిన్నారు?"

"ఇడ్లీ. నాలుగు." మిగతా మాటలన్నీ తడబడుతున్నాయి, ఈ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"మరి తిన్నడు గద మేడం. ఎండనే" అని కిరణ్ మళ్ళీ నీళ్ళందుకున్నాడు. నాకూ అనుమానం వచ్చింది. తిన్న మనిషికి ఇలా ఎందుకవుతుంది? గుండెనా? పక్షవాతమా? ఏదనుకుని ఏం చెయ్యాలి?

వెనకనుంచి స్నేహ ఏడుస్తూ ముందుకొచ్చింది. "మేడం, సార్ తినలే. బస్సుల ఇడ్లీలు నాకిచ్చిండు. ఉపవాసం ఉన్న, మేడంకు చెప్పకు అన్నడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఏం తినలేదంట."

రాత్రి ఆఫీసులో ఎవరిదో విందు, తినొచ్చానని చెప్పి పడుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఉపవాసం ఉన్నవాడు ఉన్నానని చెప్పుకోకూడదని ఆయనకు పట్టింపు. నాకు చెబితే ఊరుకోనని భయం. ఒళ్ళు తెలియని స్థితిలో కూడా ఆ రహస్యమే పట్టుకుని ఉన్నారు. ఖాళీ కడుపులోకి మాత్ర నా చేత్తో వేశాను.

"చక్కెర, ఎవరి దగ్గరైనా చక్కెర ఉందా" అని అరిచాను. కిరణ్ పెట్టె మొత్తం బల్ల మీద కుమ్మరించాడు. కట్లు, దూది, స్ప్రే. చెంచాడు చక్కెర లేదు. టీ కొట్టు గేటు బయట, అదీ మధ్యాహ్నానికి గానీ తెరవరట. ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు కనబడింది కేక్. పెట్టెలోంచి అప్పుడే బయటికి తీశారు, ఇంకా కొవ్వొత్తులు కూడా వెలిగించలేదు. నేను అడగలేదు. నాలుగు వేళ్ళూ పెట్టి పైనున్న క్రీమంతా ఊడ్చేశాను. పిల్లవాడి పేరు సగం నా చేతికొచ్చేసింది. వాడు బావురుమన్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి ఒక చేత్తో దగ్గరికి లాక్కుని, రెండో చేత్తో కేక్ అట్టతో సహా ఎత్తుకుని నా వెనకే వచ్చింది. "తీస్కోండక్కా, ఎంత కావాలంటే అంత తీస్కోండి."

ఎవరో నోట్లో నీళ్ళు పోయబోతే చెయ్యి తోసేశాను, మింగలేని మనిషికి పొర పోతుంది. ఆయన్ని పక్కకు తిప్పి, క్రీము కొంచెం కొంచెంగా చిగుళ్ళకీ బుగ్గ లోపలికీ రాశాను. మళ్ళీ రాశాను. కిరణ్ 108తో మాట్లాడుతున్నాడు, అటువాళ్ళు ఏ ఊరు, ఏ దారి అని అడుగుతున్నారు, ఫోను తెగిపోతోంది. ప్రార్థన చేద్దామంటే నాకు ఒక్క మాట రాలేదు. మీరు పోతే నేనేం కావాలని మాత్రం లోపల అనుకుంటూనే ఉన్నాను. చాలాసేపటికి నాలుక కదిలింది. పెదవి మీద క్రీము తనంతట తానే నాకారు. ఇంకాసేపటికి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టారు.

"విజయా, ఎవరి పుట్టినరోజు?"

ఆ తల్లి ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అంబులెన్సు దారి వెతుక్కునేలోపే ఆ పిల్లవాడి తండ్రి తన కారు తీశాడు. అల్వాల్ వైపు ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించారు. డాక్టరమ్మ చెప్పిన మాట మీకూ చెబుతున్నాను. "ఈ మాత్ర పని చాలాసేపు సాగుతుంది. లేచి మాట్లాడారని కేక్‌తో సరిపెట్టి ఇంటికి తీసుకెళ్ళుంటే దారిలో మళ్ళీ పడిపోయేవారు." సాయంత్రందాకా ఉంచుకుని, పరీక్షలు చేసి, బ్రెడ్డూ పాలూ తినిపించి, రాత్రి మాత్ర ఆపమని చెప్పి పంపారు.

ఇలాంటి చోట్లకు వెళ్ళవద్దని నేననను. అక్కడివాళ్ళు తమ ఆటలో తగిలే దెబ్బలకు సిద్ధంగానే ఉన్నారు. మన ఒంట్లో మనం వెంట తీసుకెళ్ళే జబ్బు సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది? వెళ్ళగానే ఆ చోటి పేరు, ఊరి పేరు అడిగి రాసుకోండి. సంచిలో ఇంత చక్కెర పెట్టుకోండి. ఏం జబ్బుందో, ఏ మందు వేసుకున్నారో, ఏం తిన్నారో పక్కవాళ్ళలో ఒక్కరికైనా నిజం చెప్పండి.

తిరుగు ప్రయాణంలో సిటీ బస్సు ఎక్కాం. నేను ఆయనతో మాట్లాడటం లేదు. ఎదురు సీట్లో జామకాయల గంప పెట్టుకున్న ఒకామె ఆయన చేతికున్న దూది చూసి "ఏమైందే అన్నా?" అని అడిగింది. ఏమీ లేదంటారనుకున్నాను.

"షుగర్ ఉంది నాకు. ఉపవాసం ఉన్న. ఇంట్ల చెప్పలే" అన్నారు, బస్సులో అందరికీ వినబడేలా.

"గట్లెట్ల చేస్తవన్నా? ఆమెకు చెప్పక ఇంకెవరికి చెప్తవ్?" అందామె.

పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా అప్పుడు కట్ట తెంచుకుంది. కార్ఖానా దాటేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఎన్నేళ్ళుగానో నేను వడ్డిస్తూ వచ్చిన మనిషి, ఉపవాసం ఉన్నా లేకపోయినా ఎప్పుడూ నోరు తెరిచి అడగని మనిషి, జూబ్లీ బస్టాండు మలుపు దగ్గర నా వైపు వంగారు.

"ఆకలైతుంది, విజయా."

మేం దిగాల్సిన చోటు ఇంకా ముందుంది. అక్కడే దిగిపోయాం.